పోస్టులో వచ్చిన పథ్యం

ఆరోగ్యకరమైన చిరుతిళ్ళ పెట్టెను నెలనెలా పోస్టులో తెప్పించుకోవడం లాభమా, దండగా అని నన్ను అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. దోహాలో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసిన చోట నేనున్నానంటే చాలు, ఎవరో ఒకరు ఆ మాట కావాలనే ఎత్తుతారు. నేను మండిపడితే చూడాలని వాళ్ళకు సరదా. మండిపడతాను కూడా, వాళ్ళను నిరాశపరచను. నా మంట ఆ పెట్టె ధర గురించి అని వాళ్ళ ఊహ. ధర గురించే అయితే రెండు ముక్కల్లో తేల్చేవాణ్ణి: అందులో ఉండేవన్నీ మూలమీది కొట్లో విడిగా దొరుకుతాయి, వెళ్ళి కొనుక్కోండి. నా మంట మా తమ్ముడి గురించి.

తమ్ముడు టవర్ క్రేన్ ఆపరేటర్. మా జిల్లా నుంచి ఈ దేశానికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సైట్లలో ఇనుము మోసేవాళ్ళే. వాడూ హెల్పర్‌గానే దిగాడు. కింద ఎండలో నిలబడి, పైన గాజు గదిలో కూర్చున్న మనిషిని చూసి చూసి, ఎలాగైనా అక్కడికి ఎక్కాలని పట్టుబట్టాడు. శిక్షణ తీసుకున్నాడు, పరీక్ష ఇచ్చాడు, ఎక్కాడు. ఆ గదిలో ఉండేది ఒక కుర్చీ, చెరో చేతి కింద ఒక మీట, ఒక చిన్న ఏసీ. దాన్ని వాడు "నా ఆఫీసు" అనేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు వాడి భార్యను "మీ ఆయన దుబాయ్‌ల ఏం పని జేస్తడు?" అని అడిగితే ఆమె "ఆపరేటర్" అని ఒక్క మాట అని ఊరుకునేది. ఖతార్ అని సరిదిద్దడం ఆమె ఎప్పుడో మానేసింది. ఆపరేటర్ అన్న మాటను మాత్రం నొక్కి పలికేది.

ఆపరేటర్లకు కంపెనీ ఏటా ఆరోగ్య పరీక్ష చేయిస్తుంది. కళ్ళు, బీపీ, షుగర్. ఒక ఏడు తమ్ముడికి షుగర్ బాగా ఎక్కువ చూపించింది. డాక్టర్ గోలీలు రాసిచ్చి, కొంత గడువు పెట్టి, మళ్ళీ మూడు నెలల సగటు చూపే షుగర్ పరీక్షకు రమ్మన్నాడు. అప్పటికి అదుపులోకి వస్తే క్రేన్ మీద ఉంటాడు, రాకపోతే దిగాలి. పైన ఆపరేటర్‌కు కళ్ళు తిరిగితే కింద మనుషులుంటారు. ఆ నియమంతో నాకు తగాదా లేదు.

ఆ శుక్రవారం వాడు కంపెనీ పనివాళ్ళుండే క్యాంప్ నుంచి ఐన్ ఖాలిద్‌లోని మా ఇంటికి వచ్చి, అన్నం ముందు పెట్టుకుని చాలాసేపు కలపకుండా కూర్చున్నాడు.

"క్రేన్ దిగుమంటే నేనేం జేస్త అన్నా? మల్ల ఇనుము మొయ్యాల్నా ఈ వయసుల?"

"గోలీలు వేసుకో. తగ్గుతది. దిగుడు ఎందుకుంటది?" అన్నాను.

"వేసుకుంటున్న. గని కడుపుల తిప్పుతున్నదే అన్నా. పైన గదిల కూసున్నప్పుడు మరీ తిప్పుతది. అన్ని మెట్లు దిగి పోవాలంటే ఎట్ల?"

మా ఆవిడ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఈ మాట వింది. తమ్ముడి పెళ్ళికి ముందు వాడికి వండి పెట్టింది ఆమే, జ్వరమొస్తే చూసింది ఆమే. నా మాట కంటే వాడి మాట ఆమెకు త్వరగా చేరుతుంది. ఇక్కడి తెలుగు ఆడవాళ్ళ ఫోను గ్రూపులో ఆమె అప్పటికే ఒక ప్రకటన చూసి పెట్టుకుంది. హైదరాబాదులో తయారై, నెలనెలా పోస్టులో ఖతార్ వచ్చే పెట్టె. చిరుధాన్యాల చిరుతిళ్ళు. అందులో షుగర్ ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా ఒక రకం. వారంలోపే వాడి కోసం చందా కట్టేసింది. కట్టాక నాకు చెప్పింది.

ఇక్కడ మా పోస్టు మా ఇళ్ళకు రాదు. ఉత్తరమైనా పార్సిలైనా, నేను పనిచేసే కంపెనీ పోస్టు బాక్సుకే వస్తుంది. కట్టడాలకు వచ్చే సిమెంటు, కడ్డీలు, గొట్టాల వెంట వచ్చే ధ్రువపత్రాలు నిజమైనవా కావా అని చూడటం నా ఉద్యోగం. మా ఆఫీసు రిసెప్షన్‌లో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంటుంది. మొదటి పెట్టె వచ్చిన రోజు ఆ అమ్మాయి నా బల్ల దాకా దాన్ని మోసుకొచ్చి, "సార్, యువర్ డైట్ ఈజ్ హియర్!" అని అందరికీ వినపడేలా అంది. నా పొట్ట వైపు చూసి గది మొత్తం నవ్వింది. ఆకుపచ్చ పెట్టె. మూత మీద ఒక రైతు బొమ్మ, ఆయన తలపాగాకు మరక లేదు. బొమ్మ కింద పెద్ద తెలుగు అక్షరాలు: "మందులా పనిచేసే తిండి".

నేను ఆ మూత ముందు ఆగిపోయాను. ఆ భాష నాకు పాతది. మా పట్నంలో గ్రంథాలయం హాలు ఉండేది. కుర్రతనంలో అక్కడి వాదసభల్లోనే నేను మాట్లాడటం నేర్చుకున్నాను. తాయెత్తుల మీద, నిమ్మకాయల మీద, గాలిలోంచి విభూది తీసేవాళ్ళ మీద గొంతు చించుకున్నాం. మాకు నేర్పిన పెద్దాయన ఏ మాట విన్నా ముందు ఒకటే అడగమనేవాడు: అది అబద్ధమైతే ఎలా తెలుస్తుంది? తెలిసే దారి లేకుండా మాట్లాడేవాడి దగ్గర జేబు పట్టుకుని నిలబడాలి అనేవాడు. "శరీరంలోని విషాలను బయటికి పంపుతుంది" అని ఆ పెట్టె పక్కన రాసి ఉంది. ఏ విషం? ఎటునుంచి? పంపకపోతే ఎలా తెలుస్తుంది? గాలిలోంచి విభూది తీసినవాడు కనీసం చేతులైనా ఊపేవాడు.

పెట్టె లోపల రాగి ఖర్జూరం లడ్డూలు, జొన్న పేలాలు, అవిసె గింజల పొడి, సజ్జ బిళ్ళలు, వేయించిన తామర గింజలు ఉన్నాయి. చెడ్డవి కావు. రాగి, జొన్న, సజ్జ మా అవ్వ రోజూ తిన్నవే. తినడం తప్ప వేరే దారిలేక తిన్నది, అందుకే వాటికి గొప్ప పేర్లేమీ పెట్టలేదు. నన్ను కదిలించింది లడ్డూ. పొట్లం వెనక సన్న అక్షరాల్లో, ఖర్జూరం గల్ఫ్ నుంచి దిగుమతి అని రాసి ఉంది. మా వీధి చివర దుకాణంలో ఖర్జూరాలు గుట్టలుగా పోసి ఉంటాయి. అవే ఇక్కడి నుంచి ఓడెక్కి హైదరాబాదు పోయి, ఉండలై, రైతు బొమ్మ తగిలించుకుని, పోస్టులో మళ్ళీ ఇక్కడికి వచ్చాయన్నమాట. మనుషులకు కూడా ఇంత గౌరవంగా రానూపోనూ టికెట్ దొరకదు.

ఇంటికి తెచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ పెట్టె నా చేతిలోంచి లాక్కుంది.

"మీరు జర ఊకోండ్రి. మీకు ప్రతిదాంట్ల దొంగే కనవడ్తడు."

"షుగర్ ఉన్నోనికి ఖర్జూరం లడ్డు పెడ్తున్నవు. దొంగ కనవడక దేవుడు కనవడ్తడా?"

"దినానికి ఒక్కటే. బిస్కట్లు, మిర్చిబజ్జీలు తినుడు కన్నా నయం గాదా? క్యాంప్ మెస్సుల ఏం తింటున్నడో ఎన్నడన్న చూసిన్రా?"

రోజుకు ఒక లడ్డూతో మనిషి పాడైపోడు. సాయంత్రం బజ్జీల కంటే వేయించిన జొన్నలు మేలే. వాదంలో న్యాయం ఎదుటివాళ్ళ వైపు ఉన్నచోట ఒప్పుకోవడం కూడా ఆ హాల్లోనే నేర్చుకున్నాను. ఒప్పుకున్నాను. పెట్టె తమ్ముడి క్యాంప్‌కు పోయింది.

ఆ తరువాత వచ్చిన శుక్రవారాల్లో వాడిలో మార్పు కనిపించింది. మా ఆవిడ గుత్తివంకాయ చేస్తే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. గోంగూర వద్దన్నాడు. చేపల వాసనకు లేచి బాల్కనీలోకి పోయాడు.

"ఏమాయె తమ్మీ? మంచిగ లేదా?" అని ఆమె కంగారుపడింది.

"మంచిగనే ఉంటది వదినా. పత్యం ఉన్న."

"డాక్టర్ వంకాయ వద్దన్నడా?" అని నేను అడిగాను.

"వద్దనుడు ఎందుకన్నా? తెల్వదా మనకు?"

నేను నవ్వాను. వంకాయకూ షుగర్‌కూ ఏం పగ అని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. వాడు తల ఊపుతూ విని, చారుతో అన్నం తిని లేచాడు. మా ఆవిడ మురిసిపోయింది. ఇంత కట్టడిగా ఉంటే తగ్గక ఏం చేస్తుంది అంది. నిజం చెప్పాలంటే నాకూ బాగానే అనిపించింది. తిండి దగ్గర వాడికి ఎప్పుడూ అడ్డూ అదుపూ లేదు, ఇప్పుడు వచ్చింది. అది ఏ దారిన వస్తే ఏం?

ఒకసారి వాణ్ణి క్యాంప్ దగ్గర దింపడానికి లోపలికి వెళ్ళాను. మంచం పైన గూట్లో ఆ ఆకుపచ్చ పెట్టె ఉంది, దాని మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. వాడి గదిలో ఉండే నిజామాబాద్ వైపు మనిషి కాళ్ళు చాపి పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి చేతులు జోడించాడు.

"రాండ్రి రాండ్రి, లడ్డు స్వామి అన్నగారు! మీ తమ్ముడు పొద్దున లేస్తే తానం జేసి, పరగడుపున ఒక్క లడ్డు నోట్లె ఏసుకుంటడు. మాట్లాడడు. మేం పక్కన గుడ్డు ఉడకబెడితే లొల్లి. నాకొక్కటి పెట్టుమంటె పెట్టడు."

"మందును పంచుతరా ఎవరన్న?" అన్నాడు తమ్ముడు.

"మందైతే చేదుగుండాలె గదనే! గిది తియ్యగ ఎందుకున్నది?"

అందరం నవ్వాం. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నోరు చేదవుతుంది.

ఆ పెట్టెలకు ఇక్కడ చందాదారులను చేర్పించే ఆవిడ అల్ హిలాల్‌లో ఉంటుంది. ఒక సాయంత్రం తన ఇంట్లో రుచి చూపించే కార్యక్రమం పెట్టి, అందరినీ కుటుంబాలతో రమ్మంది. మా ఆవిడ తీసుకుపోతూ, "జగడం పెట్టుకోకుండ్రి" అని కారు ఎక్కకముందు ఒకసారి, దిగాక ఒకసారి చెప్పింది. పెద్ద విల్లా, చల్లటి హాలు, గాజు గిన్నెల్లో పేలాలు. ఆవిడ కోస్తా మనిషి, మంచి చదువు, మెత్తటి మాట. నాకు దొంగల మీద కోపం రావడం తేలిక. ఆవిడ దొంగలా లేదు, తను చెప్పేదాన్ని నమ్మే మనిషిలా ఉంది.

"ఇందులో షుగర్ సున్నా అండీ," అంది లడ్డూ చేతిలో పట్టుకుని.

"తియ్యగా ఉంది కదమ్మా. తీపి ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నాను.

మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

"ఖర్జూరం నుంచి సార్. ప్రకృతి ఇచ్చిన తీపి."

"ప్రకృతి ఇచ్చిన తీపి రక్తంలో కలిశాక కూడా ప్రకృతి మాదిరిగానే ఉంటుందా? షుగర్ పరీక్షలో దాన్ని లెక్కలోంచి తీసేస్తారా?"

హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన ఒకాయన గోడవారన కూర్చుని ఉన్నాడు. ఇక్కడ కార్ల వర్క్‌షాపు నడుపుతాడు. చెయ్యి ఎత్తాడు. "సాబ్, రంజాన్‌ల మాకు రోజా ఉపాసం ఇడిసేదే ఖజూర్‌తోని. మీరు ఖజూర్ మీద కేసు పెడితే మేం యాడికి పోవాలె?" అన్నాడు. హాలు ఘొల్లుమంది. నేనూ నవ్వాను.

నవ్వు ఆగాక ఆవిడ నన్ను అడిగింది: "ఆఫీసులో టీతో మీరేం తింటారు సార్?"

"బిస్కట్లు."

"వాటి మీద ఏం రాసుందో ఎప్పుడైనా చదివారా?"

"చదివాను. మందులా పనిచేస్తుందని మాత్రం రాసి లేదు."

ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. ఆవిడ చిరునవ్వు తగ్గలేదు. "అది చెప్పే పద్ధతి సార్, అంతే. ఎవరి మందులు వాళ్ళు వాడుకుంటూనే ఉంటారు కదా," అంది. వాదంలో నేను గెలిచాను. ఆ సాయంత్రం అక్కడికక్కడే చందా కట్టినవాళ్ళు, నాకు చప్పట్లు కొట్టినవాళ్ళతో సహా, వచ్చినవాళ్ళలో సగానికి పైనే.

తిరిగి వస్తుంటే సిగ్నల్ దగ్గర కారు ఆగగానే మా ఆవిడ అడిగింది.

"మీకు ఇంట్ల మనిషికి నయమయ్యుడు కావాల్నా, సభల మీరు గెల్సుడు కావాల్నా?"

"నయం చేసేది గోలీ. లడ్డు కాదు."

"గోలీ వద్దని ఎవరన్నరు? గోలీ గోలీయే. ఇది దానికి తోడు."

ఇద్దరం ఆ మాట దగ్గర ఆగాం. గోలీ గోలీయే. దాని గురించి మా మధ్య తగాదా లేదు కాబట్టి, దాన్ని గురించి ఇంకేం మాట్లాడుకోలేదు.

ఎండాకాలం వచ్చింది. ఆ నెల పెట్టె పోస్టు వాళ్ళ గోదాములో ఎంతసేపు మగ్గిందో, విప్పేసరికి అవిసె పొడి ముక్కిపోయిన నూనె వాసన కొట్టింది. మా ఆవిడ ఫోను చేసి చెబితే, రసాయనాలు కలపని సరుకు అలాగే ఉంటుంది అని జవాబు వచ్చింది. ముక్కిపోయినా అది గొప్పతనమే! పొడి పారేసి మిగతావి తమ్ముడికి పంపాం. మేం పారేసిన పొడి గురించి విని వాడు నొచ్చుకున్నాడు. "అట్ల తీసేస్తే మందు ఎట్ల పనిచేస్తది వదినా?" అని అడిగాడట. ఆ నెల ఊళ్ళో వాడి భార్య కూడా, "ఆ దుబాయ్ మందు డబ్బా మా అమ్మకు గుడ పంపుండ్రి" అని ఫోనులో అడిగింది. హైదరాబాదులో కట్టిన పెట్టె. మా ఊరి బస్సు పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి చేరే చోటు.

పరీక్ష రోజు నేను సెలవు పెట్టి వాడి వెంట వెళ్ళాను. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ధైర్యంగా ఉన్నాడు. రక్తం ఇచ్చి వచ్చి కూర్చుని, "ఈసారి అసలు ఉండదన్నా షుగర్. చూడు నువ్వే," అన్నాడు. ఫలితానికి మళ్ళీ పిలిచినప్పుడు కూడా ఇద్దరం కలిసే వెళ్ళాం. డాక్టర్ మలయాళీ, మాతో హిందీలో మాట్లాడాడు. కాగితం చూసి కళ్ళద్దాలు తీశాడు. కిందటిసారి కంటే చాలా పైకి పోయింది. ఇంత ఎక్కువ ఉంటే నువ్వు నిలబడి ఎలా ఉన్నావు అన్నాడు.

"గోలీ రోజూ వేసుకుంటున్నావా?"

"బంద్ చేసిన సాబ్," అన్నాడు తమ్ముడు, ఎంతో వినయంగా, మెచ్చుకోలు కోసం ఎదురుచూసే గొంతుతో.

"ఎప్పుడు? ఎందుకు?"

"వేరే మందు నడుస్తున్నది గదా సాబ్. అది మొదలుపెట్టిన దినం నుంచే బంద్. ఒక్క పూట గుడ ముట్టలే."

డాక్టర్ నా వైపు తిరిగాడు. ఏ మందు? నా సంచిలో ఖాళీ పొట్లం ఒకటి ఉంది, డాక్టర్‌కు చూపించి నాలుగు మాటలు అనిపిద్దామని పెట్టుకున్నదే. తీసి ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మిఠాయి కదా," అన్నాడు.

బయటికి వచ్చాక ఆ పొట్లం, ఫోనులో తీసుకున్న పెట్టె ఫోటోలు, అన్నీ మళ్ళీ చదివాను. గోలీలు మానమని ఎక్కడా లేదు. ఒక మూలన, డాక్టర్ సలహా తీసుకోండి అని కూడా ఉంది, చీమ కాళ్ళంత అక్షరాల్లో.

"గోలీలు ఆపుమని నీకు ఎవరు చెప్పిన్రురా?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ఎవరు చెప్పుడేంది? తెల్వదా మనకు? నాకు కామెర్లు అయినప్పుడు పసరు తాగిపిస్తే, పట్నం డాక్టర్ ఇచ్చిన గోలీలు అవ్వ పెంటల పారేయలేదా? రెండు మందులు కొట్టుకుంటయ్, పానం మీదికొస్తది అని నువ్వు ఇనంగనే అన్నది గదా. నూనె బంద్, ఉప్పు బంద్, గోలీలు బంద్. తగ్గింది గదా నాకు?"

"ఆ కామెర్లు వాటంతట అవే తగ్గుతయిరా. పసరు తాగినా, తాగకున్నా."

"నువ్వు అప్పుడు గుడ గదే అన్నవు," అన్నాడు వాడు. "అవ్వ ఏమన్నదో యాదికున్నదా? మరి తగ్గింది గదా అన్నది."

మా ఇళ్ళలో మందు ఒంటరిగా రాదు. మందు అంటే దాని వెంట పథ్యం ఉంటుంది. పథ్యం అంటే వంకాయ మానడం, గోంగూర మానడం, అన్నిటికంటే ముందు ఇంకో మందు మానడం. ఇంగ్లీషు గోలీలూ నాటు మందూ ఒక ఒంట్లో ఇమడవు. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు, చెప్పాల్సిన అవసరం లేదు. మూత మీద "మందులా" అని రాసినవాళ్ళు తెలుగువాళ్ళు. వాళ్ళ ఇళ్ళలోనూ ఒక అవ్వ ఉండే ఉంటుంది, పసరు గిన్నె ఉండే ఉంటుంది. మరి ఆ మాట ఏ చెవిలో ఎలా పడుతుందో వాళ్ళకు తెలియదా? తెలిసే రాశారని నేనంటాను. ఆ మాటలో ఉన్న పాత నమ్మకం కావాలి కాబట్టే రాశారు. నమ్మకాన్ని వాడుకుని సరుకు అమ్మారు, నమ్మకం వెంట వచ్చే పథ్యం మాత్రం తమది కాదన్నారు. తిరుగు సరుకులాగా దాన్ని మా గుమ్మంలో దించిపోయారు.

ఈ మాటలే అల్ హిలాల్ ఆవిడకు ఫోను చేసి చెప్పాను. ఓపికగా విన్నది.

"మీ తమ్ముడికి ఇలా అయిందంటే నాకు చాలా బాధగా ఉందండీ. కానీ గోలీలు మానమని మేమెక్కడ చెప్పాం?"

"చెప్పలేదు."

"మరి మమ్మల్ని ఏం చేయమంటారు?"

"ఆ మూత మీది మాట తీసేయండి. చిరుతిండి అని రాయండి. అది చిరుతిండే కదా."

"చిరుతిండి అని రాస్తే ఎవరు కొంటారండీ?" అంది. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. ఆ తరువాత, వచ్చే నెల తమ్ముడికి ఒక పెట్టె ఉచితంగా పంపిస్తానంది. నేను ఫోను పెట్టేశాను.

కంపెనీ తమ్ముణ్ణి క్రేన్ మీది నుంచి దించింది. ఇంటికి పంపకపోవడమే దయ అన్నారు, వాడి ఫోర్‌మన్ పట్టుబట్టబట్టే ఆ దయ దొరికింది. ఇప్పుడు వాడి పని కింద నిలబడి, బరువు ఎటు తిప్పాలో పైనున్న ఆపరేటర్‌కు చేతులతో, వాకీటాకీతో చెప్పడం. పైన కూర్చున్నది కొత్త కుర్రవాడు, బీహార్ మనిషి. తమ్ముడి ఆఫీసు ఇప్పుడు ఆ కుర్రవాడి ఆఫీసు. మొదటి వారం తమ్ముడు మెడ నొప్పి అన్నాడు. అంతకాలం కిందికి చూడటానికి అలవాటుపడ్డ మెడ.

మళ్ళీ గోలీలు మొదలుపెట్టాడు. డాక్టర్ మార్చి ఇచ్చిన గోలీలు కడుపులో తిప్పడం లేదు. ఆ సంగతి ముందే డాక్టర్‌కు చెప్పి ఉంటే ముందే మార్చేవాడు. షుగర్ దిగుతోంది. పూర్తిగా దిగినా, గాజు గది ఖాళీ అయితే కదా ఎక్కడానికి. వాడి భార్య నాకు ఫోను చేసినప్పుడు, ఊళ్ళో ఎవరైనా అడిగితే ఇంకా ఆపరేటర్ అనే చెబుతున్నానంది. "తప్పా బావా?" అని అడిగింది. అబద్ధాల మీద జీవితమంతా మాట్లాడిన నేను, కాదమ్మా అన్నాను.

చందా ముందే కట్టి ఉంది, ఆపితే తిరిగి రాదు. కాబట్టి పెట్టెలు వస్తూనే ఉన్నాయి. రిసెప్షన్ అమ్మాయి ఇప్పుడు కేకలు వేయదు. నా ముఖం చూసి, మెల్లగా బల్ల మీద పెట్టి పోతుంది.

మొన్న శుక్రవారం తమ్ముడు వచ్చాడు. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. అన్నం తిన్నాడు, వంకాయ కూర అడిగి మరీ వేయించుకున్నాడు. జేబులోంచి గోలీ తీసి, మా ముందే వేసుకుని నీళ్ళు తాగాడు. మా ఆవిడ ముఖంలోకి చాలా రోజుల తరువాత కొంచెం వెలుగు వచ్చింది. సాయంత్రం టీతో పాటు ఒక పళ్ళెంలో జొన్న పేలాలు, సజ్జ బిళ్ళలు పెట్టింది. లడ్డూలు పెట్టలేదు. పారేయడం ఎందుకు, ఇవి ఉత్త జొన్నలే కదా అని.

తమ్ముడు పళ్ళేన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ డబ్బలయేనా వదినా?"

"అవే తమ్మీ. జొన్నలు. ఏం గాదు, తిను."

"వద్దు వదినా. గోలీలు నడుస్తున్నయి గదా. ఇది తింటే రెండు కొట్టుకుంటయ్. అన్నకు తెల్వదా ఏంది." ఇలా అని నా వైపు తిరిగాడు. "ఈసారి పక్కాగ ఉన్నన్నా. గోలీలే. ఆ డబ్బ మొకం గుడ చూడ."

నా నోట్లోకి ఎన్నో మాటలు వచ్చాయి. జొన్నకూ గోలీకీ వైరం లేదని, ఆ పసరు అబద్ధమని, కొట్టుకునేవి మందులు కావని. హాల్లో నేర్చుకున్నవన్నీ వరుసగా వచ్చి నాలుక మీద నిలబడ్డాయి. మా ఆవిడ టీ గిన్నె పట్టుకుని నన్నే చూస్తోంది. ఆ నమ్మకాన్ని నేను ఇప్పుడు విరగ్గొడితే, వాడు పేలాలు తింటాడో, గోలీలు మానేస్తాడో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు.

"సరే. తినకు," అన్నాను.

పళ్ళెం నా వైపు జరుపుకుని, ఆ పేలాలన్నీ నేనే తిన్నాను.